బూందీ ఇచ్చిపుచ్చుకోళ్ళు

కోకాపేటలో ఓ ఫ్లాట్, ఆదివారం ఉదయం. పుణ్యవతిగారూ ఆవిడ కొడుకు భాస్కరూ వాదులాడుకుంటున్నారు. మధ్యలో లాబ్రడార్ పిల్ల బూందీ, ఏ పక్షమూ తీసుకోకుండా ఇద్దరికీ తోక ఊపుతోంది.

“ఒక్క మాట అడుగుతానమ్మా, కోప్పడను. ఇంట్లో దీంతో ఎవరాడుతున్నారు?”

“ఎవరాడతారురా? నువ్వు వద్దన్నావుగా.”

“ట్రైనింగ్ అయ్యేదాకా ఏదీ విసరొద్దు, తెమ్మని ఆడించొద్దు అన్నాను.”

“అదే. ఎవరూ విసర్లేదు.”

“మరి నీ ఒళ్ళో ఆ సాక్సు ఉందేంటి?”

“మడత పెడుతున్నా.”

“తడిగా ఉంది.”

“ఉతికాను మరి.”

“అమ్మా!”

“ఆమని ఆడుకుందిరా. నీ కూతురే కదా, చిన్నపిల్ల. కాస్సేపు.”

“ఆమని విసిరితే నీ దగ్గరికెందుకొచ్చింది?”

“బూందీయే తెచ్చిచ్చింది. ఇస్తే పుచ్చుకోవద్దా?”

“పుచ్చుకుని ఏం చేశావ్?”

“ఏం చేస్తాను? చిన్న ఇడ్లీ ముక్క పెట్టాను.”

“ఇడ్లీయా!”

“చట్నీ లేకుండానేరా.”

“నిన్న గ్రౌండులో ఏమైందో తెలుసా? తెమ్మని డమ్మీ బొమ్మ విసిరాను. పరుగెత్తింది, తెచ్చింది, నా ముందు బుద్ధిగా కూర్చుంది. వదలమంటే వదల్దు! నా జేబు వంక చూస్తుంది! కోచ్ ఒకటే నవ్వు. వచ్చే నెల కుక్కల పోటీలో మా ఆఫీసువాళ్ళందరి ముందూ ఇలాగే కూర్చుంటే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి?”

“తప్పు నీదేరా. పక్కింటి స్వాతి గిన్నెలో పులిహోర పంపితే, ఆ గిన్నె ఎప్పుడైనా ఖాళీగా తిప్పి పంపామా? పంచదారైనా వేసి పంపుతాం. అలాంటిది మూగజీవి నోట కరుచుకొచ్చి ఇస్తే వట్టి నోటితో పంపడమేనా?”

“అది గిన్నె కాదమ్మా, కుక్క!”

“కుక్కయితే మర్యాద అక్కర్లేదా?”

“ఇదిగో, ఇందుకే పంపించేస్తున్నాను. చేవెళ్ళలో కోచ్ దగ్గరే ఉంటుంది, పోటీ అయ్యేదాకా. వ్యాన్ వస్తోంది.”

“ఇవాళేనా? ఆమనికి చెప్పావా?”

“నిద్ర లేచాక చెబుతాను.”

“కుక్క వెళ్ళిపోయాకనా? చాలా బావుంది. పిల్ల దీని పక్కన చాపేసుకుని పడుకుంటోందిరా. నాకే గుండె పిండేసినట్టుంది, పసిదానికి ఎలా ఉంటుంది?”

“నేనేమన్నా సంతోషంగా పంపుతున్నానా? ఉండు, ఫోన్ మోగుతోంది. నా ఫోనేదీ?”

“అదిగో, బూందీ తెస్తోంది.”

“వ్యాన్ డ్రైవర్ స్వామి అయ్యుంటాడు. నేను ఊ అంటేగానీ గేటు దగ్గర సెక్యూరిటీవాళ్ళు లోపలికి వదలరు. బూందీ, ఇవ్వు. వదులు. డ్రాప్! డ్రాప్! అమ్మా, వదలట్లేదు!”

“నీ జేబు చూస్తోంది, పాపం.”

“ఇడ్లీ ముక్కుంటే ఇయ్యమ్మా, త్వరగా!”

“ఇస్తాను. బదులు నాకేమిస్తావు?”

“నువ్వు కూడానా! ఏం కావాలి?”

“బూందీ.”

“అమ్మా, కాల్ కట్టయిపోతుంది!”

“అవనీ.”

“అబ్బా, సరే! పంపను! ఇంట్లోనే నేర్పుకుంటాను. పొద్దున ట్రైనింగు నాది, సాయంత్రం ఆట ఆమనిది. చాలా?”

“చాలు. బూందీ, ఇలా ఇచ్చెయ్ తల్లీ. మా అమ్మే! ఇదిగోరా ఫోను.”

“హలో స్వామీ, కుక్కని పంపట్లేదయ్యా.”

“గిట్లయితే ఎట్ల సార్? పొద్దుగాల్నే లేచి గంత దూరంకెళ్ళి వచ్చిన. జర ముందుగాల చెప్పొద్దా?”

“తప్పయిపోయింది. పైకొచ్చి టిఫిన్ చేసి వెళ్ళు. అమ్మా, స్వామికి నాలుగు ఇడ్లీలు పెట్టు.”

“ఇడ్లీలెక్కడివిరా? ఉప్మా చేస్తాను.”

“ఆగాగు. ఇడ్లీల్లేవా? మరి ఇప్పుడు దానికేం పెట్టావ్?”

“ఏం పెట్టలేదు. నేనడిగితే బూందీ ఊరికే ఇస్తుందిరా.”