స్నానం చేసొచ్చేలోపు

మళ్ళీ ఒకసారి పెట్టి చూడండి డాక్టరుగారూ, మీ మిషనే పాడైందేమో. నలభై ఏళ్ళుగా సంతూర్ వాయిస్తున్నవాణ్ణి, నాకు చెవుడేమిటండీ?

సన్నటి శబ్దాలే వినబడటం లేదా? ఎన్నాళ్ళ నుంచీ అయ్యుంటుంది?

పదేళ్ళా. అయితే సరిపోయింది.

మా నాన్న వడ్రంగండీ. ఆయన మేకులు కొట్టాడు, నేను రెండు పుల్లలు పట్టుకుని తీగలు కొట్టాను. ఆయన చేసిన మంచాలు ఇంకా నిలబడే ఉన్నాయి. నాకు మిగిలింది నాలుగు చెక్క జ్ఞాపికలు. అవీ వడ్రంగులు చేసినవే.

సంతూర్‌కి నూరు తీగలు. గంట వాయించడానికి రెండు గంటలు శ్రుతి చేసుకోవాలి. చెవంటే నాదేనని ఊరంతా డప్పు కొట్టుకున్నాను. నా చెవిలో నేనే పువ్వు పెట్టుకున్నానన్నమాట.

బయట బల్లమీద కూర్చుందే, నన్ను తీసుకొచ్చింది, అది నా కూతురు. నా దగ్గరే నేర్చుకుంది. ఎనిమిదేళ్ళ కిందట దాని మొదటి కచేరీ. రెండో పాట మధ్యలో నేను లేచి వేదికెక్కాను. సన్నగా పలికే పై తీగలు దిగిపోయాయని అందరి ముందూ కసిరి, నా చేత్తోనే బిగించాను.

"సరిగ్గానే ఉన్నాయి నాన్నా" అంది. "నాకు చెప్తున్నావా?" అన్నాను.

ఆ తర్వాత అది వాయిస్తుంటే జనం మొహాలు చిట్లించారు. ఆ రోజుతో పుల్లలు వదిలేసింది. మీ లెక్క ప్రకారం అప్పటికే నా చెవులు పోయాయి కదా?

ఇంకోటుంది, వినండి. పొద్దున్నే శ్రుతి చేసి స్నానానికెళ్తాను. తర్వాత ఎక్కడ వాయించినా శ్రుతి అద్భుతమంటారు. తీగల్ని కాసేపు వదిలేస్తే వాటంతటవే కుదురుకుంటాయని శిష్యులకి పాఠం కూడా చెప్పాను. పాపం, రాసుకున్నారు.

నిరుడొకరోజు సబ్బు మరిచిపోయి వెనక్కొచ్చాను. తలుపు ఓరగా ఉంది. నా కూతురు సంతూర్ ముందు కూర్చుని, నేను బిగించిన తీగలన్నీ ఒక్కొక్కటే సరిచేస్తోంది. పెదాలు బిగబట్టి, చిన్నప్పటిలాగే.

పిలవలేకపోయానండీ. సిగ్గేసింది. సబ్బు లేకుండానే వెళ్ళి నీళ్ళు పోసుకున్నాను. అప్పట్నుంచీ స్నానం నెమ్మదిగా చేస్తున్నాను. దానికి టైము చాలాలిగా.

దాన్ని లోపలికి పిలుస్తారా? పిలవండి. నాకీ సంగతి ఇవాళే తెలిసిందని చెప్పండి. ఏడాదిగా తెలిసీ, ఉత్త చెంబు చప్పుడు చేస్తూ కూర్చుంటున్నానని మాత్రం చెప్పకండి.

ఎప్పుడో కనిపెట్టే ఉంటుందిలెండి. దాని చెవులు మంచివి.