మాస్టారి రీఫండు

గుడివాడ ఆడిటరు గది తలుపు ఓరగా ఉంది. బయట బెంచీ మీదున్న భార్యకు వినబడుతుందేమోనని రిటైరైన మాస్టారు గొంతు బాగా తగ్గించారు.

"ఆ ఫోను పేకాట డబ్బు చూపించకపోతే ఏమవుతుందండీ?"

"నోటీసు ఇంటికే వస్తుంది మాస్టారూ. మీ పాన్ మీద అప్పుడే టాక్స్ కోసేశారుగా."

"బెంగుళూరులో, అమ్మాయి పురుడప్పుడు ఆడానండీ. ఈవిడ పసిదానికి నీళ్లు పోస్తుంటే నాకు తోచక. మార్చిలో గెలిచిందంతా ఏప్రిల్లో ఊడ్చుకుపోయింది. చేతిలో మంచి ముక్కలు పడ్డప్పుడే నెట్టు ఆగిపోయేది!"

"ఏప్రిల్ నష్టం వచ్చే ఏడాది లెక్కండీ. ఇందులో తగ్గదు."

"పోయిన డబ్బుకి టాక్సా?"

"గెలిచిన డబ్బుకి. ఇంతకీ మార్చిలో ఆ డబ్బు బ్యాంకులో పడ్డప్పుడు అమ్మగారికి ఏం చెప్పారు?"

"టాక్స్ రీఫండు వచ్చిందన్నాను. ప్రార్థన ఫలించిందని ఆదివారం చర్చిలో లేచి సాక్ష్యం చెప్పేసింది."

"అదా సంగతి! మీ సంఘం వాళ్లంతా వరసగా వచ్చి మాకూ రీఫండు పెట్టించమంటున్నారు. అమ్మగారి పక్కన కూర్చున్నది మీ పాస్టరుగారేనా?"

మాస్టారు తొంగిచూశారు. తలుపు దగ్గరగా వేశారు.

"ఆయనేనండీ. ఆయనకి మాత్రం ఎలాగైనా రీఫండు వచ్చిందనిపించండి బాబూ. కావాలంటే ఆ డబ్బు నేనిస్తాను."