హిందీలో నొప్పి, తెలుగులో ఆయాసం

సభాధ్యక్షులు ప్రిన్సిపాల్ గారికి, పెద్దలకు, నర్సు దీదీలకు, వెనక వరసలో టీ కోసమే వచ్చిన మిత్రులకు నమస్కారం. నా ప్రసంగం వల్ల మీ సమోసాలు చల్లారబోతున్నందుకు, కొందరికి చాతం రేవులో ఫెర్రీ తప్పిపోబోతున్నందుకు సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను. పశ్చాత్తాపం మాత్రం రవ్వంత కూడా లేదు. (నవ్వులు)

ఇవాళ పదవీ విరమణ చేస్తున్న మన మెడిసిన్ ప్రొఫెసర్ సత్యవేదం సార్ గురించి ఊళ్లో ఒకటే మాట: గుండె డాక్టరుకి గుండె లేదు. దానికి సాక్ష్యం, ప్రాక్టికల్స్‌లో తప్పి, బ్యాచ్ అంతా ముందుకెళ్లాక ఒంటరిగా మిగిలిన ఈ మల్లేశు. "చేపలోళ్ల కుర్రోడని తొక్కేశాడు" అని మా నాన్న యర్రయ్య గోల్ ఘర్ సెంటర్లో ప్రతి దుకాణం ముందూ చెప్పాడు. లేవకు నాన్నా, ఇంకా ఉంది.

ఆ పరీక్షలో రోగుల వేషానికి సార్ మనవాళ్లనే పిలిచేవారు. అదిగో, రెండో వరసలో సీతాలు పిన్ని, అబర్డీన్ బజార్‌లో చేపలమ్ముతుంది, మా గుండెనొప్పి రోగి. వేషంలో మాట్లాడాల్సింది హిందీలో. "సీనే మే దర్ద్ హై, డాక్టర్ సాబ్" అని ఆవిడ మూలుగుతుంటే, నేను బట్టీపట్టిన ప్రశ్నలన్నీ వరసగా అడిగేస్తున్నాను. మధ్యలో ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "ఒరే మల్లేశూ, ఊపిరాడతం లేదురా" అంది.

"పిన్నీ, హిందీలో చెప్పు, మార్కులు పోతాయి" అన్నాను నేను.

(నవ్వులు) పాపం, ఆవిడ మళ్లీ హిందీలోనే చెప్పింది.

పక్కన నిలబడ్డ సార్ పరీక్ష ఆపేసి, పిన్నిని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి తానే ఐసీయూకి తోసుకుపోయారు.

("బతికే ఉన్నాను కదరా!" అని సీతాలు పిన్ని. నవ్వులు)

ఉన్నావు పిన్నీ. సార్ తెలుగు విన్నారు కాబట్టి.

మర్నాడు సార్ గదికి వెళ్లాను. నాకు పూర్తి మార్కులు పడ్డాయట. "అడగాల్సినవన్నీ అడిగావు. వినడానికి మేం మార్కులే పెట్టలేదు, ఆ తప్పు నాది" అన్నారు.

తర్వాత మా నాన్న కాలేజీకొచ్చి నానా మాటలూ అంటుంటే సార్ నా వైపు ఒకసారి చూసి ఊరుకున్నారు. నేనూ ఊరుకున్నాను. రేపు ఆయన ఈ దీవి వదిలి ఓడెక్కుతున్నారు, ఆ చెడ్డపేరు మోసుకుని.



సార్, మీకు కృతజ్ఞతలు. సమోసాలు వదులుకుని విన్న మీకందరికీ కూడా.

నాన్నా, సార్ నన్ను తప్పించలేదు. ఆ రోజు ఆయన గదిలో, నన్ను ఫెయిల్ చెయ్యండని అడిగింది నేనే. సెలవు.