నాలుగింటి ఉపగ్రహం

మేడ మీద బట్టలారేసే తీగకు యాంటెన్నా కట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చున్న మరిది, మెట్లెక్కి వచ్చిన వదినను చూడగానే పెదవుల మీద వేలు పెట్టాడు.

"ఉష్! పదేళ్ల కిందట చచ్చిందనుకున్న ఉపగ్రహం, వదినా! వారం నుంచి పలుకుతోంది."

"ఏమంటోంది?"

"గర్ర్‌మంటుంది. కాసేపాగి మళ్లీ గర్ర్."

"ఎప్పుడు?"

"రోజూ నాలుగింటికి, ఠంచనుగా! ఆదివారం మాత్రం పలకలేదు."

"పాపం, దానికీ సెలవు కాబోలు. ఇవాళ పలికిందా?"

అతను గడియారం చూసుకున్నాడు. నాలుగూ పది.

"ఇంకా లేదు..."

"ఎలా పలుకుతుంది? నేనిక్కడ ఉన్నానుగా."

"అంటే?"

"కునుకు తీసి నేను కుట్టుమిషను ముందు కూర్చునేది నాలుగింటికే అబ్బాయ్. దానికి మోటారు పెట్టించి వారమైంది. అయినా ఉపగ్రహాలు రోజుకో టైముకొస్తాయని నా బుర్ర తిన్నది నువ్వేగా?"

అతను హెడ్‌ఫోన్లు పీకేశాడు.

"కొంప మునిగింది, వదినా! మా రేడియో క్లబ్బులో చాటింపు వేసేశాను. రేపు నాలుగింటికి పదిమంది వినడానికొస్తున్నారు!"

"రానీ," అంటూ ఆమె తాపీగా మెట్లు దిగింది. "పొట్టి చేతుల చొక్కా వినిపించమంటావా, పొడుగు చేతులదా?"