కారు లేని సదస్సు

హైటెక్ సిటీలోని సదస్సు హాలు నుంచి కిరణ్మయి ఫోన్ చేసింది. రాయదుర్గం మెట్రో కింద సందర్శకులను బస్సులెక్కిస్తున్న మహేశ్ ఎత్తాడు.

"మహేశ్, అక్కడ బస్సులు నిండుతున్నాయా?"

"ఫుల్లు, మేడం. నిలబడనీకి గూడ జాగ లేదు."

"మరి హాల్లో ఎవరూ లేరేంటి? నేనూ, మైకు పెట్టే ఆయనా. అంతే."

"అరె. ఈడికెల్లి నిండుగనే పోతున్నయి గద."

"ఇక్కడికీ నిండుగానే వస్తున్నాయి. గేటు దగ్గర ఆగుతున్నాయి. మళ్లీ నిండుగానే వెళ్లిపోతున్నాయి. దిగేవాళ్లేరీ?"

"దిగరు, మేడం."

"ఎందుకు దిగరు?"

"మనోళ్లే గద."

"మనవాళ్లంటే?"

"ఆఫీసోళ్లు. మూడో ఫ్లోరు మొత్తం. బస్సు ఖాళీగ కనపడొద్దని మీరే అంటిరి."

"మొదటి రౌండుకన్నాను! పొద్దున్నే ఖాళీ బస్సు తిరిగితే బాగోదని."

"రెండో రౌండుకు దిగుమని చెప్పలె. లోపల ఏసీ ఉంది. పింకీ మేడం ల్యాప్‌టాప్ తెరిచి మీటింగే పెట్టింది. ఆకాష్ సారు పండుకున్నడు."

"మరి మెట్రో దిగొచ్చిన వాళ్లు?"

"సీట్లు లేవని చెప్తున్న. ఆటోలు మాట్లాడుకొని పోతున్నరు."

"ఆటోల్లోనా? ఎక్కడికి? ఇక్కడికి ఒక్కరూ రాలేదు."

"గేటు కాడికి ఆటోలు రానియ్యొద్దని గూడ మీరే అంటిరి."

"దేవుడా."

"ఫికర్ చెయ్యకుండ్రి. ఇప్పుడే అందర్ని దింపి హాల్లకు తోల్త."

"దింపితే బస్సులు ఖాళీ!"

"దింపకుంటే హాలు ఖాళీ. ఉన్నది గదే మంది, మేడం. ఏడ కూసోబెట్టాల్నో ఒక్క మాట చెప్పుండ్రి."

"ఆగు, ఆగు. ఆలోచించనీ. నరసింహమూర్తి గారు వస్తున్నారు ఈ పూట. జనం కార్లు మానేసి బస్సుల్లో వచ్చారా లేదా అని చూసేది ఆయనే. ఆయన సరేనంటేనే వచ్చే ఏడు పెద్ద సదస్సు మనకిస్తారు. కాదంటే నెలాఖరుకి నా ఉద్యోగం పోయినట్టే."

"ఎట్లుంటడు?"

"తెల్ల లాల్చీ, భుజాన ఖద్దరు సంచీ. మెట్రోలో వస్తానన్నారు."

"గుండ్రటి అద్దాలు?"

"అవును! చూశావా?"

"పొద్దుగాల నుంచి మన బస్సులనే ఉన్నడు."

"ఏంటీ?"

"తిరుగుతున్నడు. డ్రైవరు చెప్పిండు, ప్రతి రౌండుల హాలు కాడ లేస్తడంట, కిటికీలకెల్లి చూస్తడంట, మల్ల కూసుంటడంట. మన ఆఫీసు తేజ సారుకు దోస్తయిండు. ఇద్దరు పల్లీలు తింటున్నరు."

"ఎలా దిగుతారు, మహేశ్! పక్కన ఒక్క మనిషీ దిగకపోతే అదే హాలని ఆయనకేం తెలుస్తుంది? ఆ తేజ చెప్పొచ్చుగా!"

"హాలు కాడ నోరు తెరిస్తే తనను గూడ దిగుమంటరని సప్పుడు చేస్తలేడంట."

"నన్ను ముంచేశారు మీరంతా. ఆ బస్సు ఎక్కడుంది?"

"నా ముందట్నే ఆగింది."

"ఎక్కు. ఫోన్ ఆయనకివ్వు. నువ్వేం మాట్లాడకు."

"ఎక్కుతున్న... జర జరుగుండ్రి... ఆకాష్ సార్, కాళ్లు తియ్యుండ్రి... సార్, మా మేడం. జర మాట్లాడుండ్రి."

"హలో, ఎవరమ్మా?"

"నమస్కారమండీ, నరసింహమూర్తి గారూ. కిరణ్మయినండి, బస్సుల ఏర్పాటు నాదేనండి. క్షమించాలి. హాలేదో చెప్పేవాళ్లు లేక మిమ్మల్ని పొద్దున్నుంచీ తిప్పేశాం. ఈసారి గేటు దగ్గర నేనే నిలబడి మిమ్మల్ని దింపుకుంటానండి."

"మీరెందుకమ్మా, ఫొటోగ్రాఫర్ని నిలబెట్టండి. అతను కనపడకే నేను దిగట్లేదు. హాలు నాకు తెలియకపోవడమేంటి, నేనెక్కింది అక్కడేగా. మా కారు మీ గేటు పక్కనే ఉంది, ఫొటోలో పడకుండా కాస్త తీయించండి."