ఎదుటి షట్టర్

సినిమా టికెట్ పైసలు దండగయ్యాయని గొణుగుతూ కర్రీ పాయింట్ ఓనరమ్మ, తన దగ్గర వండే పిల్లతో మాదాపూర్ మెట్రో మెట్లెక్కుతోంది.

“అప్పుల్ల మునిగిన ముగ్గురు ఆడోళ్లు నగల దుకాణం దోచుడు! దోచకముందే కొత్త చీరలు కట్టిరి. వాచ్‌మన్‌కు గూడ అనుమానమొస్తది.”

“కామెడీ కదక్కా, నవ్వాలె.”

“ఏం నవ్వాలె? దొంగతనం చేసేటోళ్లు ఎప్పటి లెక్కనే ఉండాలె. నువ్వు గూడ ఆ ముగ్గురి లెక్కనే దొరికినవ్. నెల సంది తిడితే ఎదురు చెప్తలేవు. గప్పుడే అనుకున్న.”

పిల్ల ఆగిపోయింది.

“మన ఎదురుంగ ఖాళీ షట్టర్ కిరాయికి అడిగినవట.”

“నువ్విచ్చే జీతంతోని ఎల్తలేదక్కా.”

“నా మసాలాలతోని నా గిరాకీనే గుంజుకుంటవా? ఆ షట్టర్‌కు పొద్దుగాలనే నేను అడ్వాన్స్ ఇచ్చిన.”

“మరి నేను?”

“అండ్ల నువ్వే వండు, సగం వాటా నీది. ఆ ముగ్గురికి తెలివుంటే ముందుగాల ఓనర్‌నే కలుపుకునేటోళ్లు.”