గాలి ట్యాంకులో నీళ్లు

"అవ్వా, ఆదోని మిల్లులో గాలి ట్యాంకు కాడ కొట్లాడినావంట గదా. అదేంది సెప్పు."

ఎవరు సెప్పినారు నీకు, మీ అమ్మనా? దానికి సగమే తెలుసు. కూసో, సెప్తా. అప్పుడు మీ అమ్మ సంకలో పిల్ల. డెబ్బై ఏడో, ఎనిమిదో, ఆ లెక్క నాకు సరిగ్గా లేదులే. టీ పావలా. ఎమ్మిగనూరు బస్సుకు ముప్పావలా... కాదు కాదు, రూపాయి ఉన్నట్లుంది.

నేను నూలు మిల్లులో ఉంటి. నూలును కోన్లకు సుట్టే సెక్షన్‌లో అంతా ఆడోళ్లమే. దూది పొట్టు మిషన్ల మీద బూజు మాదిరి పడతాంటుంది సూడు, దాన్ని ఊదనీకి రబ్బరు పైపుల్లో గాలి వస్తా ఉండె. అవతల రూములో కంప్రెసర్ ఆ గాలిని ఒత్తి పెద్ద ఇనుప ట్యాంకులో నింపుతుంది. ఆ రూములోకి మేము పోకూడదు. ఆపరేటరు నరసప్పన్న, ఆడోళ్లు తొక్కితే మిషన్‌కు మైల అంటా ఉండె. ఆయన మాత్రం కంప్రెసర్‌లోంచే పుట్టినట్లు.

ఆషాఢం వచ్చింది, వానలు పట్టుకున్నాయి. తెల్లని కోన్ల మీద తుప్పు రంగు సుక్కలు పడబట్టె. మా సూపర్వైజరు ఆ కోన్లు తెచ్చి ముందర పెట్టి, "ఇవి మీ గోరింటాకు సేతుల పనే," అన్నాడు. ఆషాఢంలో గోరింటాకు పెట్టుకోనిదెవరు? అందరి సేతులూ ఎర్రగానే ఉండె. అయితే ఖాసీంబి ఉంది సూడు, నా పక్క మిషన్‌లో, వాళ్ల సెల్లెలి నిఖా అయి నాలుగు దినాలే. మోసేతుల దాకా పండిండె. ఆయప్ప కండ్లు ఆడనే పడె. "నువ్వు రేపట్నించి రావొద్దు," అన్నాడు. మొగుడు మంచంలో ఉన్నాడు, ముగ్గురు పిల్లలు, ఆ ఇంటికి ఆమె పనే దిక్కు. ఏడ్సలేదు. సేతులు కొంగులో దాసుకొని పోయింది. 

పండిన గోరింటాకు నూలుకు అంటుతాదా పాపా? ఆ సేత్తో అన్నం కలిపితే అన్నం ఎర్రగైతుందా? అది తెలిసినోళ్లు యాభై మంది ఉంటిమి ఆడ. తెలియనోడు ఒక్కడు. ఆ ఒక్కడు సెప్పిందే నిజమాయె.

నాకు ఇంకోటి గూడ తెలుసు. మా నాయనది ఎమ్మిగనూరు రోడ్డులో పంచర్లేసే అంగడి గదా, ఆడా ఒక గాలి ట్యాంకు ఉండె. గాలిని ఒత్తితే వేడెక్కుతుంది. సల్లారితే దాంట్లోని తేమ నీళ్లైతుంది. అన్నం గిన్నె మూత తీసి సూడు, లోపల సుక్కలుండవా, అట్లనే. వానాకాలం ఇంకా ఎక్కువ. ఆ నీళ్లు అడుక్కి దిగి ఇనుమును తింటాయి. అందుకే పొద్దున్నే అడుగున కుళాయి తిప్పి ఇడిసెయ్యాల. ఇడవకపోతే గాలితో పాటు పైపులోకి వస్తాయి. పదేండ్లప్పుడు నాకు అదే పని.

మర్నాడు సూపర్వైజరు ఇస్త్రీ తెల్లసొక్కా వేసుకొని వచ్చినాడు. నేను పైపు ఎత్తి ఆ సొక్కా మీదికి గాలి ఇడిసినా. రొమ్ము నిండా తుప్పు సుక్కలు.

"సార్, మీరెప్పుడు పెట్టుకుంటిరి గోరింటాకు?" అన్నా.

సెక్షనంతా నవ్వె. మిషన్ల మోతలో గూడ ఇనపడె ఆ నవ్వు. ఆయప్ప రుమాలు తీసి సొక్కా తుడుసుకోబట్టె, సుక్కలు పోలేదు.

ఇంక ఆగలేదు నేను. కంప్రెసర్ రూముకు నడిసినా, నా ఎనక ఆడోళ్లంతా. వాకిట్లో నరసప్పన్న సేతులు అడ్డం పెట్టినాడు.

"లక్ష్మక్కా, మైలైతుంది, రావొద్దు."

"నీ మిషన్ కడుపుబ్బి సస్తాంది, జరుగన్నా."

లోపల సూస్తే ఏముంది? ట్యాంకు కొత్తది, ఎండాకాలంలో తెచ్చింది. పూజ సేసినోళ్లు అడుగున ఆ కుళాయికే నల్లదారం బిగించి నిమ్మకాయ కట్టినారు. దేవుని దారమని ఎవడూ ముట్టలేదు. మూడు నెలలు ఒక్క సుక్క ఇడవలేదు.

"తెంపితే పాపం," అన్నాడు నరసప్పన్న.

"ఆ పాపం నాకియ్యి," అని నూలు కోసే బ్లేడుతో తెంపినా. రవ్వంత తిప్పితినో లేదో, ఎర్రనీళ్లు. ఒక బకెట్టు నిండె. "ఇంకోటి తే అన్నా," అంటే పరుగున పోయి తెచ్చినాడు, మైల సంగతి మరిసిపోయి. అదీ నిండె. ఆఖర్న ఉత్త గాలి బుస్సుమనె.

మేనేజరు వచ్చి బకెట్లు సూసినాడు. "రేపట్నించి ఈ కుళాయి నువ్వే తిప్పు," అన్నాడు, ఏదో బహుమానం ఇచ్చినట్లు.

"తిప్పుతా. ముందు ఖాసీంబి రావాల. పంపినాయనే పోయి పిలవాల," అన్నా.

అది నా ఒక్కదాని ధైర్యం కాదు. ఒక్క ఆడది గూడ మిషన్ కాడికి తిరిగి పోలేదు. అట్లనే నిలబడిండ్రి.

మేనేజరు సెప్తే సూపర్వైజరే పోయినాడు. ఆ సుక్కల సొక్కాతోనే, సైకిలెక్కి. ఖాసీంబి వాకిట్లో కూసొని జొన్నలు సెరుగుతాందంట. "రేపు డ్యూటీకి రా," అన్నాడంట. ఆమె సాట ఆపలేదు. "ఎందుకు సార్?" అనిందంట. "మిషన్‌లో ఏదో లోపముంటే సరిసేసినాము," అన్నాడంట. సెరుగుతానే ఉంది. పక్కిండ్లోళ్లు వచ్చి నిలబడినారు. ఆఖరికి, "ఆ మరక నీ సేతులది కాదు," అన్నాడంట.

అప్పుడు సాట కింద పెట్టింది.

నిజం ఒప్పుకునేదాకా అట్ల కూసోనీకి నీకూ సత్తువ రానీ తల్లీ. సల్లంగా ఉండు.